చల్లనూరి విందు

అనంతశయనానికి ఏదీ ఊరికే కనబడేది కాదు.

ఆశ్రమం వాకిట్లో కుక్క పడుకుంటే అందరికీ కుక్క పడుకున్నట్టే ఉండేది. అతనికి మాత్రం తమోగుణం ద్వారం దగ్గర కాపలా కాస్తున్నట్టు ఉండేది. వంటింట్లో తిమ్మక్క జాడీ మీద మూత పెట్టడం మరిచిపోతే, చీమలు పడతాయని మిగతావాళ్ళు మూత పెట్టేవాళ్ళు. శయనం తెరిచిన జాడీ ముందు నిలబడి చాలాసేపు ఆలోచించేవాడు. ఒకసారి నీళ్ళ తొట్టి దగ్గర తేలు కుట్టింది. మందు పట్టుకొచ్చిన పుల్లన్నకు, కుట్టింది తేలు కాదని, పూర్వజన్మ వాసన అని వివరించడం మొదలుపెట్టాడు. నొప్పి మోకాలి దాకా ఎక్కాక తేలేనని ఒప్పుకున్నాడు.

అతను చెడ్డవాడు కాదు. తెలుగులో పెద్ద చదువు చదివాడు, కొన్నాళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పాడు. పాఠాల్లో సారం లేదనిపించి ఉద్యోగం మానేసి, కుందేటి ఒడ్డున కంబగిరిస్వామి ఆశ్రమానికి వచ్చి చేరాడు. ఆశ్రమం అంటే రెండు రేకుల వసారాలు, ఒక వంటిల్లు, చుట్టూ కంపకంచె. పదిమంది దాకా ఉండేవాళ్ళు. వంట తిమ్మక్కది. బయటి పనులు పుల్లన్నవి. అతను ఒకప్పుడు బస్సు కండక్టరు.

కంబగిరిస్వామి బక్కపలచటి ముసలాయన. నోట్లో పళ్ళు లేవు. ఎప్పుడు చూసినా వసారాలో కూర్చుని నార పేనుతూ ఉండేవారు. ఉపదేశం చెప్పమని ఎవరైనా వస్తే, ఆ తాడు రెండో కొస పట్టుకోమనేవారు. సాయంత్రం దాకా పట్టుకున్నవాళ్ళు కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళు. చాలామంది వచ్చేవాళ్ళు కాదు.

స్వామి ఏడాదికి ఒకే ఒక్క కథ చెప్పేవారు. ఏరువాక పున్నమి నాడు చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా ఆశ్రమానికి వచ్చేవాళ్ళు. వాళ్ళను కూర్చోబెట్టి, తన గురువు తనకు చెప్పిన కథ చెప్పి, తర్వాత అందరికీ భోజనాలు పెట్టించేవారు.

ఆ కథ ఇది.

చల్లనూరు అని ఒక ఊరు ఉండేది. చుట్టూ ఊళ్ళన్నీ ఎండిపోయిన ఏడు కూడా అక్కడ వాన తప్పేది కాదు. ఆ ఊరి మనుషులు చాలా మంచివాళ్ళు. గట్టిగా మాట్లాడటం కూడా ఎరగరు. ఏటా ఏరువాకకు ముందురోజు ఊరంతా వచ్చి బాట పక్కన నిలబడేది. ఆ రోజు ఆ బాటన మొదట ఎవరు వస్తే వాళ్ళను మేళంతో ఊళ్ళోకి తీసుకుపోయేది.

ఒక ఏడు ఒక పడుచువాడు వచ్చాడు. వాడికి కాళ్ళు కడిగారు. తలంటి నీళ్ళు పోశారు. కొత్త పంచె కట్టబెట్టి, మెడలో పూలదండ వేశారు. ఎనిమిది రకాలు వండి విస్తరి నిండా వడ్డించారు. ఒక ముసలావిడ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, నీ పేరేమి నాయనా అని అడిగింది. ఒక పెద్దమనిషి దగ్గరికి జరిగి, ఇంటికాడ ఎవరన్నా ఎదురుచూస్తాంటారా అని మెల్లగా అడిగాడు. ఎవరూ లేరు, ఒక్క అమ్మ మాత్రం ఉంది అన్నాడు వాడు. పిల్లలు తలుపుల చాటు నుంచి చూస్తున్నారు. ఆ రోజు వాళ్ళనెవరూ ఆటకు పోనివ్వలేదు.

వాడు కడుపునిండా తిని, ఇంత మంచోళ్ళను నేను యాడా చూడలేదు, ఉండనిస్తే ఇక్కడే ఉండిపోతా అన్నాడు.

అట్లే నాయనా, ఇక్కడే ఉందువు అన్నారు ఊరివాళ్ళు.

ఆ ఏడు కూడా చల్లనూరిలో వానలు బాగా కురిశాయి. వాడి చెప్పులు ఎవరి కాళ్ళకు సరిపోతే వాళ్ళు తీసుకున్నారు.

కథ అంతే. అక్కడికి ఆపేసి స్వామి తువ్వాలు దులుపుకొని లేచేవారు. ఏటా వినే కథ కాబట్టి జనం వక్క నములుతూ, పక్కవాళ్ళతో విత్తనాల సంగతి మాట్లాడుకుంటూ వినేవాళ్ళు. అయిపోగానే విస్తళ్ళ దగ్గరికి పోయేవాళ్ళు.

శయనం వచ్చిన మరుసటి ఏడు, కథ అయిపోయాక కొత్తగా వచ్చినాయన ఎవరో దీని అర్థమేమిటని అడిగాడు. స్వామి అప్పటికే వసారా దిగిపోయారు. శయనం లేచి నిలబడ్డాడు.

బాటసారి జీవుడని చెప్పాడు. చల్లనూరు దేహమని, మేళం ప్రణవనాదమని, ఎనిమిది వంటకాలు అష్టవిధ ప్రకృతి అని చెప్పాడు. కొత్త పంచె కొత్త జన్మ. పూలదండ గురువుల పరంపర. ఇక్కడే ఉందువు అనడం అంటే తిరిగిరాని పదానికి చేరుకోవడం. వదిలేసిన చెప్పులు వదిలేసిన అహంకారం.

జనానికి అది ఎంతో నచ్చింది. అన్నేళ్ళుగా వింటున్న కథలో ఇంత ఉందా అనుకున్నారు. ఆ రోజు అందరూ ఇంకో ముద్ద ఎక్కువే తిన్నారు.

సాయంత్రం స్వామి శయనాన్ని పిలిచి, అంతా చెప్పావు గాని ఊరగాయ సంగతి చెప్పలేదే అన్నారు. శయనం తడుముకోకుండా, ఊరగాయ సంచితకర్మ అని, ఎంతకాలమైనా చెడకుండా జాడీ అడుగున ఉంటుందని చెప్పాడు. చివర పోసే మజ్జిగ మోక్షం అన్నాడు.

"మజ్జిగ మంచిదే" అన్నారు స్వామి. మళ్ళీ నార అందుకున్నారు.

దాన్ని శయనం ఆశీర్వాదంగా తీసుకున్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆశ్రమంలో ఆ కథకు వ్యాఖ్యానం మొదలైంది. నంద్యాల నుంచి రీడింగ్ రూమ్ సెక్రటరీ తన మిత్రులను వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఒకసారి వాళ్ళే శయనాన్ని పట్నానికి పిలిపించి, కథలో దాగిన చీకటి అనే విషయం మీద ఉపన్యాసం పెట్టించారు. ఆ చీకటి అజ్ఞానమని, బాటసారికి తానెవరో తనకే తెలియకపోవడమే ఆ అంధకారమని చెప్పి, శయనం గంటన్నర సేపు ఆ చీకటికి దీపం పెట్టాడు. ఉపన్యాసం ముగిసేసరికి కథలో ఎక్కడా చీకటి మిగల్లేదు. శాలువా కప్పారు.

ఒక ఆదివారం వ్యాఖ్యానం అయ్యాక, వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఓబుళమ్మ ముందుకు వచ్చింది. ఆమెది ఆశ్రమానికి కొంచెం దూరంలో ఉన్న మిట్టపల్లె. యాభై దాటి ఉంటాయి. చాలాకాలంగా వస్తోంది గాని ఎప్పుడూ నోరు తెరిచి ఏమీ అడిగింది లేదు.

"ఇంతకూ ఆ పిల్లోనికి ఏమైంది సామీ?" అంది.

అతను ముక్తుడయ్యాడని శయనం చెప్పాడు.

"వాళ్ళమ్మకు ఎవరు చెప్పినారు?"

ఇక్కడ అమ్మ అంటే నిజంగా అమ్మ కాదని, అమ్మ అంటే మాయ అని, మాయకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదని శయనం ఓపికగా వివరించాడు.

"మాయనా" అంది ఓబుళమ్మ. కొంగు సవరించుకుని వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

తిమ్మక్క ఉండబట్టలేక ఒకరోజు చెప్పింది. ఓబుళమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడు. చాలా ఏళ్ళ కిందట ఎవరో మేస్త్రీలు వచ్చి, దూరాన గనిలో పని ఉందని తీసుకుపోయారు. అడిగినప్పుడల్లా బాగున్నాడు, బాగా చూసుకుంటున్నారు, అక్కడే ఉండిపోతానంటున్నాడు అని చెప్పేవాళ్ళు. ఆ తర్వాత అడగడానికి ఆ మేస్త్రీలు కూడా దొరకలేదు. ఎదురుచూసి ఎదురుచూసి వాళ్ళమ్మ పోయింది.

శయనానికి జాలేసింది. పాపం అన్నాడు. కాసేపాగి, ఆమె కథను ఇంకా కథ స్థాయిలోనే వింటోందని, అర్థం స్థాయికి రావడానికి కొంత సమయం పడుతుందని కూడా అన్నాడు. వసారాలో నార పేనుతున్న స్వామి తలెత్తి అతని వైపు చూసి, మళ్ళీ దించుకున్నారు.

ఏరువాక దగ్గరికొచ్చింది. శయనం స్వామి దగ్గరికి వెళ్ళి, ఈసారి కథ తానే చెబుతానని, వ్యాఖ్యానం కూడా కలిపి చెబితే జనానికి ఇంకా మేలని అడిగాడు. సెక్రటరీ కూడా పట్నం నుంచి కొందరు పెద్దవాళ్ళను తీసుకొస్తానన్నాడని చెప్పాడు.

"చెప్పు నాయనా" అన్నారు స్వామి. "నువ్వు ఇంత కష్టపడినావు. ముందురోజు మేము నీకు చిన్న సన్మానం చేస్తాం."

శయనం వద్దంటూనే ఒప్పుకున్నాడు.

ఏరువాకకు ముందురోజు పొద్దున్నే తిమ్మక్క నూనె గిన్నెతో వచ్చింది. పిండి పిసికే చేతులు ఆమెవి. నడినెత్తిన నూనె పెట్టి అణచేసరికి శయనం కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. సీకాయతో తలంటి, కాగుడు నీళ్ళు పోయించింది. పుల్లన్న కొత్త పంచె తెచ్చాడు. వసారాలో పీట వేసి కూర్చోబెట్టి, గన్నేరు పూలదండ వేశారు. ఆశ్రమంలో వాళ్ళంతా గోడ వెంబడి వరసగా కూర్చున్నారు. అందరూ అతని వైపే చూస్తూ నవ్వుముఖాలతో ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు.

సన్మానపత్రం ఎవరు చదువుతారా అని శయనం చూస్తున్నాడు. బదులుగా విస్తరి వచ్చింది. పప్పు, పులిహోర, వంకాయ కూర, అప్పడాలు, గారెలు, ఇంకా ఏవేవో తిమ్మక్క వడ్డిస్తూ పోయింది. పాయసం దగ్గరికి వచ్చేసరికి అతనికి ఎందుకో లెక్కపెట్టాలనిపించింది. ఎనిమిది.

స్వామి వచ్చి పక్కన కూర్చుని తాటాకు విసనకర్ర తీసుకుని విసరసాగారు. గురువు చేత విసిరించుకోవడమేమిటని శయనం లేవబోతే, తినమని భుజం మీద చెయ్యి వేశారు. ముసలి చెయ్యే గాని బరువుగా ఉంది.

"నీ పేరేమంటివి నాయనా?" అన్నారు.

రెండేళ్ళ నుంచి ఆయన దగ్గరే ఉంటున్నాడు. శయనం నోట్లో ముద్ద ఒక పక్కకు జరిపి, "అనంతశయనం స్వామీ" అన్నాడు.

"అనంతశయనం" అన్నారు స్వామి, ఒక్కొక్క అక్షరం తూచినట్టు. "అంటే, మళ్ళీ లేవకుండా పండుకునేది. మంచి పేరు."

గోడ వెంబడి ఉన్నవాళ్ళు తలలూపారు.

శయనం నమలడం ఆపాడు. వంటింటి తలుపు చాటు నుంచి తిమ్మక్క మనవలు తొంగి చూస్తున్నారు. మామూలుగా ఆ వేళకు వాళ్ళు ఏటి ఇసుకలో ఉంటారు. పిల్లల్ని ఆటకు పంపలేదా అని అడిగాడు. ఈ పొద్దు పంపలేదు అయ్యవారూ అంది తిమ్మక్క.

అప్పుడు పుల్లన్న దగ్గరికి జరిగాడు. కండక్టరుగా ఉన్నప్పుడు ఏ ఊరు పోవాలని ఎంత మర్యాదగా అడిగేవాడో అంత మర్యాదగా అడిగాడు. "ఇంటికాడ ఎవరన్నా ఎదురుచూస్తాంటారా సారూ?"

ఆ ప్రశ్నకు అర్థం శయనానికి తెలుసు. దాని మీద మూడు ఆదివారాలు మాట్లాడాడు. ఇల్లు అంటే వాసనల గూడు, ఎదురుచూసేవి ఇంద్రియాలు. ఆ మాటల్లో ఒక్కటైనా గుర్తు చేసుకోవాలని చూశాడు. ఒక్కటీ రాలేదు. ఆళ్లగడ్డలో అన్న ఇంటి అరుగు మీద కూర్చుని, బస్సు ఆగినప్పుడల్లా మెడ చాచి చూసే అమ్మ గుర్తొచ్చింది.

"అమ్మ ఉంది" అన్నాడు.

"అమ్మ ఒక్కతేనా" అన్నాడు పుల్లన్న, అదేదో మంచి మాటైనట్టు.

ఒక్క మాట మాత్రం అననే అనకూడదని శయనం గట్టిగా అనుకున్నాడు. ఆ మాట అతను అనలేదు. స్వామే వంగి చెవి దగ్గరగా, "ఇక్కడే ఉంటావు గదా నాయనా?" అన్నారు.

శయనం తల తిప్పాడు. పుల్లన్న మెట్టు దగ్గరికి వెళ్ళి, అక్కడ విడిచిన శయనం చెప్పుల్లో కాలు పెట్టి, బొటనవేలు కదిలించి చూసుకుంటున్నాడు. "కుదిరినట్లు ఉండాయి" అని తనలో తాను అనుకున్నాడు.

చెయ్యి కడుక్కొస్తానని చెప్పి శయనం లేచాడు. నీళ్ళ తొట్టి దాటి, పెరడు దాటి, కంపకంచె దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. కొత్త పంచె ఎగగట్టి కంచె దూకాడు. తర్వాత పరుగు.

వసారాలో స్వామి ఖాళీ పీటకు విసురుతూనే ఉన్నారు.

వేసవి దుక్కులు దున్ని పెట్టిన నల్లరేగడి చేలు. గడ్డలు కాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. మెడలో పూలదండ ఊగుతోంది. చేతికి పాయసం అలాగే ఉంది. గట్టు మీద ఎద్దులను తోలుకుపోతున్న రైతులు ఆగి చూశారు. పెండ్లి ఇష్టం లేక పరుగెత్తుతున్నాడేమోనని ఒకాయన అనుకుని, ఏ ఊరి సంబంధం నాయనా అని కేక వేసి అడిగాడు. శయనం ఆగలేదు. దారి ఎటు పోతే అటు పోయాడు.

మిట్టపల్లెలో మొదటి ఇల్లు తలుపు తీసి ఉంది. వాకిట్లో ఓబుళమ్మ విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. అతన్ని చూసి లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి, కాళ్ళు కడుక్కోమంది. శయనం కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అన్నం తింటావా అని అడిగింది. వద్దన్నాడు. నీడలో చాప వేస్తానంది. నేల మీదే కూర్చుంటానన్నాడు. నీ ఇష్టమని, ఆమె మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

కాసేపటికి ఊపిరి కుదుటపడింది. దండ మెడలోంచి తీసి పక్కన పెట్టాడు. పొద్దున్నుంచి జరిగిందంతా చెప్పాడు. వాళ్ళు తనను ఏమీ చేయరని తనకు తెలుసని, స్వామి చీమకు కూడా హాని చేయరని తెలుసని, అయినా కాళ్ళు తన మాట వినలేదని చెప్పాడు. వింటున్నప్పుడు ఓబుళమ్మ నవ్వలేదు. పుల్లన్న సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆమె చేతులు ఆగాయి.

"చెప్పులు గూడానా" అంది.

"వేసుకుని చూసుకున్నాడు."

ఆమె ఒలిచిన గింజలను చేటలోకి తోసింది. "మా తమ్మునికి గూడా దండ ఏసినారు" అంది. "లారీ ఎక్కేటప్పుడు. ఎంత బాగా చూస్తాండారో చూడక్కా అన్నాడు."

శయనం దగ్గర ఎన్నో మాటలు ఉండేవి. ఏ సభలోనైనా, ఏ క్షణంలోనైనా లేచి మాట్లాడగలిగేవాడు. అక్కడ కూర్చుని ఆమె చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ పూట అతను దేనికీ అర్థం చెప్పలేదు.

పొద్దు వాలింది. ఓబుళమ్మ లేచి చేట లోపల పెట్టి వచ్చి, "ఇంటికాడ ఎవరుండారు నీకు?" అని అడిగింది.

శయనం ఉలిక్కిపడి, ఎందుకన్నాడు.

"కబురు పంపనీకి. ఆళ్లగడ్డ బస్సు డ్రైవరు మావోడే. నువ్వు బాగుండావని చెప్పి రమ్మంటా."

అతను తల దించుకున్నాడు. ఆశ్రమంలో చేరేటప్పుడు తీర్థయాత్రకు పోతున్నానని అమ్మకు చెప్పి వచ్చాడు. ఆ యాత్ర ఇంకా ముగియలేదని ఆమె అనుకుంటూ ఉంటుంది. అన్న పేరు, ఇల్లు ఉన్న వీధి చెప్పాడు. ఓబుళమ్మ మరిచిపోకుండా రెండుసార్లు పైకి అనుకుంది. తర్వాత జొన్నరొట్టె, శనగవిత్తుల చట్నీ తెచ్చి ముందు పెట్టింది.

"ఓబుళమ్మా, ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నేను..." అని మొదలుపెట్టాడు శయనం.

"రొట్టె తిను సామీ" అంది ఆమె.

ఆ రాత్రి ఆమె ఇంటి అరుగు మీద పడుకున్నాడు. తెల్లవారాక ఇద్దరూ చేల గట్ల మీదుగా ఆశ్రమానికి నడిచారు. దారిలో, రోడ్డు మీద ఆగిన ఆళ్లగడ్డ బస్సు దగ్గర ఓబుళమ్మ డ్రైవరుతో మాట్లాడేటప్పుడు శయనం పక్కనే నిలబడి, అన్న ఇంటి ఎదురుగా పిండిమర ఉంటుందని గుర్తు చెప్పాడు.

ఆశ్రమంలో అప్పటికే జనం చేరుతున్నారు. వంటింట్లోంచి తిమ్మక్క బయటికొచ్చి, పాయసం విస్తట్లో వదిలేసి పోయినందుకు వాకిట్లోనే చీవాట్లు పెట్టింది. తామేం చేశామని అడిగింది. స్వామి చెప్పినట్టు తలకు పోశాం, అన్నం పెట్టాం, అంతేకదా అంది. పుల్లన్న చెప్పులు తుడిచి తెచ్చి కాళ్ళ ముందు పెట్టాడు. తన చెప్పు తెగిందని, కొత్తవి కొనేముందు కొలత చూసుకుందామనుకున్నానని, అంతకుమించి తన మనసులో ఏమీ లేదని చెప్పాడు. అతని ముఖం చూస్తే అది నిజమేననిపించింది.

స్వామి వసారాలో ఉన్నారు. శయనం వెళ్ళి దండం పెట్టాడు.

"యాడికి పోయినావు?"

"మిట్టపల్లెకు స్వామీ."

"దేనికి?"

"భయమేసి."

"ఎవరిని చూసి?"

"మిమ్మల్నందరినీ చూసి" అన్నాడు శయనం. "అందరూ మరీ మంచిగా ఉన్నారు."

స్వామి చేతిలో నార కింద పెట్టారు. ఆ రెండేళ్ళలో శయనం చెప్పిన మాటల్లో ఆయన పని ఆపి విన్నది అదొక్కటే.

"కూర్చో" అన్నారు. "కథ చెప్పు."

జనం వసారా ముందు పరుచుకుని కూర్చున్నారు. పట్నం నుంచి వచ్చిన సెక్రటరీ, అతని మిత్రులు ముందు వరసలో ఉన్నారు. ఓబుళమ్మ ఎప్పటిలాగే స్తంభానికి ఆనుకుంది. శయనం కథ మొదలుపెట్టాడు.

చల్లనూరు అని ఒక ఊరు ఉండేదన్నాడు. వాన తప్పేది కాదన్నాడు. పడుచువాడు ఊళ్ళోకి వచ్చాక, నూనె పెట్టే చేతులు ఎంత బలంగా ఉన్నాయో, నీళ్ళు ఎంత వేడిగా హాయిగా ఉన్నాయో చెప్పాడు. అందరూ ఎట్లా నవ్వుతూ చూశారో, ఆ నవ్వుల్లో ఎవరూ ఎట్లా మాట్లాడలేదో చెప్పాడు. కొత్తగా ఒక్క మాట చేర్చలేదు గాని, ప్రతి మాట దగ్గరా కాస్త ఆగాడు. వక్క నములుతున్నవాళ్ళు నమలడం ఆపారు. విత్తనాల సంగతి మాట్లాడుకుంటున్న ఇద్దరు రైతులు మాట మధ్యలో వదిలేసి ఇటు తిరిగారు.

ఒక్క అమ్మ మాత్రం ఉంది అనే దగ్గర శయనం చూపు నేలకు దించాడు. స్తంభం వైపు చూడలేదు. ముందుకు పోయాడు.

అట్లే నాయనా, ఇక్కడే ఉందువు అన్నారు ఊరివాళ్ళు.

ఆ ఏడు కూడా వానలు బాగా కురిశాయి. వాడి చెప్పులు ఎవరి కాళ్ళకు సరిపోతే వాళ్ళు తీసుకున్నారు.

అక్కడికి ఆపేశాడు.

ఎవరూ కదల్లేదు. కంచె అవతల ఎద్దు మెడగంట ఒకటి మోగి ఊరుకుంది. కొంతసేపటికి సెక్రటరీ సర్దుకుని, "మరి తాత్పర్యం?" అన్నాడు.

శయనం ఏదో వెతికినట్టు ఒకసారి అందరి ముఖాలూ చూశాడు.

అంతలో తిమ్మక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి, విస్తళ్ళు వేశామని, అన్నీ వేడిగా ఉన్నాయని, రండి నాయనా రండని ఎంతో ఆప్యాయంగా నవ్వుతూ పిలిచింది. పండగ కాబట్టి రకాలు ఎక్కువే చేశానని కూడా చెప్పింది.

ఒక్కరూ లేవలేదు. పక్కవాడు లేస్తాడేమోనని పక్కవాడు చూశాడు. తనకు బస్సు వేళ అయిందని సెక్రటరీ గొణిగాడు. రైతుల్లో ఒకాయన లేస్తే భోజనానికే అనుకున్నారంతా. ఆయన మెట్టు దగ్గరికి వెళ్ళి, కుప్పలో తన చెప్పులు ఏరుకుని తెచ్చి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది చూసి ఇంకో నలుగురు లేచారు.

స్వామికి నవ్వొచ్చింది. పళ్ళు లేని నోరు తెరిచి, భుజాలు కదిలేలా, కళ్ళు తుడుచుకునే దాకా నవ్వారు. తర్వాత శయనం వీపు మీద చెయ్యి వేశారు.

"ఈ ఏడు కథ చెప్పినావు నాయనా" అన్నారు. "పో. పోయి ముందు నువ్వు కూర్చొని తిను. లేకుంటే ఈ పొద్దు ఒక్కరు గూడా తినరు."